పెద్ద ఆర్‌సీ విమానానికి చవక పెట్రోల్ ఇంజిన్: బిగించే ముందు ఎలా పరీక్షించాలి?

పెద్ద ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానం కట్టేవాళ్లకి రెక్కలు, బాడీ పూర్తయ్యేసరికే జేబు ఖాళీ అయిపోతుంది. ఇంక ఇంజిన్ దగ్గర చవకది వెతుకుతాం. అందులో తప్పేమీ లేదు. డీఎల్ఈ, ఆర్‌సీజీఎఫ్ లాంటి చైనా ఇంజిన్లతో ఏళ్ల తరబడి ఎగరేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే: చవక ఇంజిన్లలో ఒకే మోడల్ అయినా రెండు పీసులు ఒకేలా ఉండవు. అందుకే పెట్టె విప్పిన ప్రతి ఇంజిన్‌కీ విమానం ఎక్కించే ముందు స్టాండు మీదే రెండు లీటర్ల పెట్రోలు తాగిస్తాను.

ముందు సైజు తేల్చుకోండి. మామూలుగా ఎగరేయడానికి 5 నుంచి 7 కిలోల విమానానికి 20 సీసీ, 7 నుంచి 9 కిలోలకి 30 సీసీ, 9 నుంచి 11 కిలోలకి 50, 55 సీసీ సరిపోతుంది. పెట్టె మీది హార్స్‌పవర్‌ని పక్కన పెట్టండి. సైలెన్సర్, ఇగ్నిషన్ బాక్సు, దాని బ్యాటరీ అన్నీ కలిపి తూకం వేసి ఆ బరువే లెక్కలోకి తీసుకోండి. ఖర్చు కూడా అంతే. ప్రాప్ (ముందు తిరిగే పంకా), కిల్ స్విచ్ (ఇంజిన్‌ని దూరం నుంచే ఆపేది), పెట్రోలు తట్టుకునే ట్యాంక్ బిరడా, పెట్రోలు తట్టుకునే టైగాన్ పైపు అన్నీ కలిపాకే అది చవకో కాదో తెలుస్తుంది. మిథనాల్ ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్లకి వాడే సిలికాన్ పైపు పెట్రోల్లో ఉబ్బి పాడవుతుంది, దాన్ని వాడొద్దు.

చేత్తో చూడాల్సినవి

ప్లగ్గు బిగించి, ఇగ్నిషన్ ఆపి, షాఫ్ట్‌ని మెల్లగా తిప్పండి. కంప్రెషన్ దగ్గర చేతికి గట్టిగా ఎదురు తగలాలి. 'సుస్స్' మని గాలి జారిపోతుంటే ప్లగ్గు దగ్గరో రింగు దగ్గరో లీకుంది. హబ్ (ప్రాప్ బిగించే చోటు) పట్టుకుని పైకీ కిందకీ కదపండి, కదిలితే బేరింగు వదులు. సైలెన్సర్ విప్పి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలుంటే ఆ ఇంజిన్ వెనక్కి పంపేయండి, నడిస్తే పోతుందిలే అనుకోవద్దు. గీత లోతవుతుందే తప్ప పోదు.

ప్లగ్గు క్యాప్ ఊడదీసి పెట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా మాత్రం ఎప్పుడూ తిప్పకండి. స్పార్క్ పోయే దారి లేక ఇగ్నిషన్ బాక్సే కాలిపోవచ్చు.

ప్యాకింగుల దగ్గరే అసలు కథ

నేను కొన్న ఒక 30 సీసీ ఇంజిన్ స్లోలో నిలబడేది కాదు. స్పీడు దానంతటదే పెరిగేది, మళ్లీ పడిపోయేది. రెండు ఆదివారాలు కార్బురేటర్ సూదులు (పెట్రోలు పాలు సరిచేసే స్క్రూలు) తిప్పుతూ కూర్చున్నాను. చివరికి గుంటూరులో తైవాన్ పంపులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. మిర్చి చేలల్లో మందు కొట్టే ఆ పంపుల్లోనూ రెండు స్ట్రోకుల ఇంజినే, డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉండే కార్బురేటరే. ఆయన సూదుల జోలికే వెళ్లలేదు. కార్బురేటర్ విప్పి ప్యాకింగ్ వేలి మీద పెట్టి చూపించాడు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే ఓ మూల మడత పడింది, గాలి అక్కడి నుంచే లోపలికి పోతోంది. షీటు మీద కొత్తది గీసి, కత్తెరతో కోసి వేశాడు. అదే ఇంజిన్ స్లోలో నిమిషానికి 1,700 చుట్ల దగ్గర నిలబడిపోయింది.

కాబట్టి మొదటిసారి స్టార్టు చేయకముందే కార్బురేటర్, దానికీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రీడ్ వాల్వ్ బ్లాక్ విప్పి ప్యాకింగులు చూసుకోండి, బోల్టులు సమానంగా బిగించండి. ఆ కార్బురేటర్ డయాఫ్రమ్ కిట్టు మన దగ్గర దొరుకుతుందో లేదో కూడా కొనేముందే కనుక్కోండి. విజయవాడ ఆటోనగర్లో లేతు పని, బేరింగులు దొరుకుతాయి కానీ కార్బురేటర్ కిట్టు కోసం పంపులు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే షాపులే దిక్కు.

స్టాండు మీద రన్నింగ్

లీటరు పెట్రోలుకి 33 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపితే 30:1 అవుతుంది. మందుల షాపు సిరంజితో కొలవండి. కంపెనీ కాగితం ఇంకో లెక్క చెబితే అదే పాటించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని లాక్కుంటుంది, రబ్బరుని పాడుచేస్తుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగేదాకా నడపండి.

స్టాండు కదలకుండా బిగించి, ప్రాప్‌కి వెనకే నిలబడండి. ఎదురుగా, పక్కన ఎవరినీ ఉండనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని. 30 సీసీకి 18 బై 8 (వ్యాసం, పిచ్ అంగుళాల్లో) ప్రాప్‌తో మొదలుపెట్టొచ్చు. స్పీడు ఎప్పుడు కొలిచినా అదే ప్రాప్ ఉండాలి, లేకపోతే అంకెలకి అర్థం లేదు.

నిమిషానికి ఎన్ని చుట్లో చూపే టాకోమీటర్ చవకదైతే ముందు దాన్నే పరీక్షించండి. రెండు బ్లేడ్ల సెట్టింగులో పెట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్ వైపు తిప్పితే 3,000 చూపాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబు సెకనుకి వందసార్లు మెరుస్తుంది. నిమిషానికి 6,000, అందులో సగం.

ఇక పుస్తకం తీసి రాయండి: స్లో ఎంత, ఫుల్ త్రాటిల్ ఎంత, ఆ రోజు ఎండ ఎలా ఉంది. స్లో నుంచి ఒక్కసారిగా ఫుల్ ఇస్తే దగ్గకుండా లేవాలి. వేడి మీద ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్టు చేయండి. మన దగ్గర మే నెల మధ్యాహ్నాలు చాలా చవక ఇంజిన్లు ఇక్కడే మొరాయిస్తాయి. ఎండలో కుదిర్చిన సూది డిసెంబరు పొద్దున్నే చల్లగాలికి లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోలు చాలదు), అప్పుడు కొంచెం తెరవాలి. మొదటి లీటరయ్యాక ఇంజిన్ చల్లారనిచ్చి బోల్టులన్నీ మళ్లీ చూడండి. సైలెన్సర్ బోల్టులు తప్పకుండా వదులవుతాయి.

రెండో లీటరు చివర కూడా స్లో అంకె మొదటి లీటరు చివరలాగే ఉంటే విమానానికి బిగించండి. ఇగ్నిషన్‌కి వేరే బ్యాటరీ పెట్టి, రిసీవర్‌కి కనీసం అడుగు దూరంలో ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా రేంజ్ చెక్ (రిమోట్ సిగ్నల్ ఎంత దూరం అందుతుందో) చేయండి. తర్వాత ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు ఆకాశానికి ఎత్తాలి, మీరు ఫుల్ త్రాటిల్ పది సెకన్లు ఇవ్వాలి. స్పీడు కుంగితే హై సూది (ఫుల్ స్పీడుకి పెట్రోలు సరిచేసేది) ఎనిమిదో వంతు చుట్టు తెరిచి మళ్లీ చూడండి. గన్నవరం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఆంక్షలుంటాయి కాబట్టి, ఎగరేసే పొలం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకునే బయల్దేరండి.