గోల్స్ అన్నీ ఒక్క లైనే కొడుతోందా? ఐస్ హాకీ జట్టులో లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

జట్టు నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడిందంటే చాలు, అభిమానులందరిదీ ఒకటే మాట: "ఇంకో స్కోరర్‌ని తేవాలి." చాలాసార్లు ఆ స్కోరర్ వచ్చాక కూడా కథ మారదు. అసలు లోపం వేరేచోట ఉంటుంది కాబట్టి.

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రధాన ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌కి ఒక్కో జట్టు ఇద్దరు గోలీలు (గోల్‌కీపర్లు) కాక 18 మందిని తెస్తుంది, వాళ్లు వంతులవారీగా ఐస్ మీదికి దిగుతారు. మామూలుగా అందులో 12 మంది ఫార్వర్డ్‌లు, అంటే ముగ్గురేసి నాలుగు లైన్లు. మిగతా ఆరుగురు డిఫెన్స్‌లో మూడు జతలు. మూడో లైన్, మూడో జత ఏం చేస్తున్నాయో చూస్తే జట్టు సంగతి సగం తెలిసిపోతుంది.

సమస్య: మొదటి లైన్‌ని కట్టేస్తే గోల్స్ ఆగిపోతున్నాయి

కారణం: ఇద్దరు స్టార్లనూ ఒకే లైన్‌లో ఆడించడం. సొంత మైదానంలో ఆడే జట్టుకి, ఎదుటివాళ్లు ఎవరిని దింపారో చూశాక తన ఆటగాళ్లని మార్చుకునే వీలుంది. ఆ కోచ్ తన బెస్ట్ డిఫెన్స్ జతని మీ మొదటి లైన్ మీదికి పంపితే, మిగతా మూడు లైన్లే ఏదైనా చేయాలి.

పరిష్కారం: స్టార్లని విడదీయండి. 2016లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్) గెలిచినప్పుడు జట్టులోని ఇద్దరు స్టార్లు క్రాస్బీ, మాల్కిన్ చెరో లైన్ నడిపారు. ఫిల్ కెసెల్ మాత్రం హాగెలిన్, బొనీనోలతో కలిసి ఇంకో లైన్‌లో ఆడాడు. ఆ ప్లేఆఫ్స్‌లో పెంగ్విన్స్ తరఫున అందరికంటే ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి), 22, అతనివే. 2025 స్టాన్లీ కప్ ఫైనల్ సిరీస్ కూడా ఇదే చెబుతుంది. ఎడ్మంటన్ జట్టులో స్టార్ మెక్‌డేవిడ్ ఉన్నాడు, ఆ సీజన్‌లో 52 గోల్స్ కొట్టిన డ్రైసైటిల్ ఉన్నాడు. అయినా ఆరు మ్యాచ్‌ల్లో కప్ ఫ్లోరిడా ఎగరేసుకుపోయింది. ఫ్లోరిడా మూడో లైన్‌లో లుండెల్, లూస్టరినెన్ పక్కన ఆడిన మార్షాండ్ ఆ ఫైనల్‌లోనే ఆరు గోల్స్ కొట్టాడు.

అయితే విడదీసే ముందు ఒకటి చూసుకోండి. మూడో లైన్‌కి నిజమైన సెంటర్ (లైన్ మధ్యలో ఆడే ఫార్వర్డ్) ఉన్నాడా? లేకపోతే అక్కడికి ఎంత మంచి వింగర్‌ని (పక్కన ఆడే ఫార్వర్డ్‌ని) పంపినా అతని దాకా పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) రాదు. అప్పుడు మీకు కావలసింది స్కోరర్ కాదు, సెంటర్. నా లెక్కలో జట్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

సమస్య: పవర్ ప్లేలో (పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో మనిషి తక్కువైనప్పుడు) తప్ప గోల్ రావడం లేదు

మొత్తం గోల్స్ పట్టిక చూస్తే ఇది కనపడదు. ఐదుగురికి ఐదుగురు ఆడేటప్పుడు వచ్చిన గోల్స్‌ని విడిగా లెక్కపెట్టండి. అవి తక్కువగా ఉంటే ఫార్వర్డ్‌లని తిట్టే ముందు డిఫెన్స్ వైపు చూడండి. సొంత జోన్‌లోంచి పక్‌ని పాస్‌తో బయటికి తేలేక రింక్ చుట్టూ ఉండే గ్లాస్ మీదుగా బాది పంపేస్తుంటే, ఫార్వర్డ్‌లు దాని వెంట పరుగెత్తడంతోనే షిఫ్ట్ (ఐస్ మీద వాళ్ల వంతు) అయిపోతుంది. ఇక షాట్ ఎక్కడ కొడతారు? అలాంటి జట్టుకి మంచి పాస్ ఇవ్వగల డిఫెన్స్‌మన్ వస్తే, కొత్త ఫార్వర్డ్ ఒక్కడు రాకుండానే గోల్స్ పెరుగుతాయి.

సమస్య: షాట్లు బోలెడు, గోల్స్ లేవు

ఇక్కడ కంగారు పడకూడదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో సుమారు పది షాట్లకి ఒకటి గోల్ అవుతుంది. కొన్ని వారాలు అంతకంటే బాగా తగ్గినా, షాట్లు నెట్‌కి దగ్గరి నుంచి వస్తుంటే ఓపిక పట్టండి, గోల్స్ అవే వస్తాయి. అన్నీ నెట్‌కి దూరంగా ఉండే బ్లూ లైన్ దగ్గర నుంచే కొడుతుంటే మాత్రం అది దురదృష్టం కాదు. నెట్ ముందు నిలబడి, దెబ్బలు కాచుకుని, రీబౌండ్ (గోలీకి తగిలి వెనక్కొచ్చిన పక్) అందుకునేవాడు లేడన్నమాట.

దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. వేగాస్ సెంటర్ విలియం కార్ల్‌సన్ 2017-18లో 43 గోల్స్ కొట్టాడు, షూటింగ్ శాతం 23.4. మంచి ఆటగాడే, కానీ అంత శాతం ఎవరికీ నిలవదు. మరుసటి సీజన్‌లో అతని గోల్స్ 24. ఇలాంటి సీజన్‌ని నమ్ముకుని "మనకి లోతు ఉంది, అన్ని లైన్లలోనూ మంచి ఆటగాళ్లున్నారు" అనుకోకండి.

సమస్య: ఒక్కరికి గాయమైతే జట్టంతా తడబడుతోంది

రోస్టర్‌లో 23 మందికే చోటు కాబట్టి బెంచ్ మీద అదనపు ఆటగాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఏహెచ్‌ఎల్‌లో (ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్‌లో) ఉన్న కుర్రాళ్లకి సీజన్ మొదట్లోనే కొన్ని మ్యాచ్‌లు ఇచ్చి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా బయటి నుంచి ఎవరినైనా తేవాలంటే డబ్బు లెక్క వస్తుంది. 2025-26కి ఒక్కో జట్టు మొత్తం జీతాల పరిమితి 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ఆ సీజన్‌తో కాంట్రాక్ట్ ముగిసే ఆటగాణ్ని ట్రేడ్ గడువు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడికి చివరి తేదీ) లోపల తెచ్చుకుంటే వచ్చే ఏడాది పరిమితి మీద భారం పడదు, కానీ బదులుగా డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) వదులుకోవాలి. మొదటి రౌండ్ పిక్‌ని నేనైతే సెంటర్ కోసం ఇస్తాను, లేదా పక్ బయటికి తేగల డిఫెన్స్‌మన్ కోసం. వింగర్ కోసం మాత్రం ఇవ్వను.