ఫాంగ్ న్గా గుహల్లో ‘ఇంకో ఐదు నిమిషాలు’ అనకండి

2025 జూలై 19న వియత్నాంలోని హాలాంగ్ బేలో టూరిస్టు పడవ బోల్తా పడింది. మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, వడగళ్లతో గాలివాన కొట్టింది. ముప్పై మందికి పైగా చనిపోయారు. చాలామంది పడవ లోపలే చిక్కుకుపోయారు. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచీ చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “దసరా సెలవులకి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి టికెట్లు తీసేసుకున్నాం, అక్కడి ఫాంగ్ న్గా బేలో గుహల్లోకి కనూ (తెడ్లతో నడిపే చిన్న పడవ) ట్రిప్ కూడా బుక్ చేశాం. అదీ ఇలాంటి చోటేగా, వెళ్లొచ్చా?”

అవును, ఇలాంటి చోటే. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి దీవులే అక్కడా ఇక్కడా. వెళ్లొచ్చు. నేను నాలుగుసార్లు వెళ్లాను. కానీ అక్కడ మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా తుఫాను వల్ల కాదు, ఒక మాట వల్ల. అది చెప్పడానికే ఇదంతా.

లైఫ్ జాకెట్ వేసుకోండి, నీళ్లు తాగండి, సన్‌స్క్రీన్ రాసుకోండి లాంటివి నేను రాయను. 2019లో గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం చూశాక కూడా లైఫ్ జాకెట్ గురించి తెలుగువాళ్లకి ఒకరు చెప్పాల్సి వస్తే ఇక ఏం చెప్పినా దండగే.

ముందు ఆ చోటు సంగతి

గుహ అనగానే మనకి బొర్రా గుహలు గుర్తొస్తాయి. అదీ సున్నపురాయే. కానీ బొర్రాలో మెట్లున్నాయి, లైట్లున్నాయి, పట్టుకోడానికి కమ్మీలున్నాయి. ఇక్కడ కాళ్ల కింద నేలే లేదు. దీవి అడుగున సముద్రం తొలిచిన సొరంగం ఉంటుంది. అందులోంచి పడవలో పడుకుని అవతలికి వెళ్తే, చుట్టూ కొండగోడలు, పైన ఆకాశం, నడుమ మడచెట్లు. కోరింగలో చూసే మడ అడవి ముక్కని ఎవరో తీసుకెళ్లి బావిలో దింపినట్టు ఉంటుంది. ఆ బావిని థాయ్‌లో ‘హాంగ్’ అంటారు, అంటే గది. కో పనాక్, కో హాంగ్ దీవుల్లో ఇవి ఉన్నాయి.

ఆ గదికి తలుపు సముద్రమే. నీళ్లు మరీ తగ్గితే పడవ బురదలో కూర్చుంటుంది. మరీ పెరిగితే సొరంగం కప్పుని నీళ్లు అంటుకుంటాయి. ఈ రెండింటి మధ్య ఉన్న కాసేపే దారి తెరుచుకుని ఉంటుంది. వెళ్లినంత సేపూ గుర్తుంచుకోవాల్సింది ఇదే: మీరు ఉన్నది పార్కులో కాదు, మూసుకుపోయే తలుపు వెనక.

రోజు ఎంచుకోవడం

దీనికి పంచాంగం చాలు. అమావాస్య, పౌర్ణములు వెళ్లిన ఒకటి రెండు రోజులకి పోటు (సముద్రం నీళ్లు పైకి లేవడం) బాగా ఎక్కువ. అష్టమి తర్వాత రోజుల్లో తక్కువ. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు, మార్చి నెలల చుట్టూ పోట్లు ఇంకాస్త పెద్దవి. మన దసరా సెలవులు చాలాసార్లు ఇందులోనే పడతాయి: మహాలయ అమావాస్యతో మొదలై, దశమి అయిన ఐదో రోజుకి పౌర్ణమి. 2025లో సెప్టెంబరు 21 అమావాస్య, అక్టోబరు 7 పౌర్ణమి. నడుమ, దుర్గాష్టమి (ఆ ఏడు సెప్టెంబరు 30) దాటాక రెండు మూడు రోజులు నీళ్లు కాస్త నెమ్మది. వీలుంటే ఆ రోజులకి మార్చుకోండి.

పైగా ఫుకెట్‌లో వానలు ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఫాంగ్ న్గా బే ఫుకెట్‌కి తూర్పున ఉంది కాబట్టి నైరుతి అలలకి ద్వీపమే అడ్డం. అందుకే ఫుకెట్‌కి వాయవ్యంగా నడి సముద్రంలో ఉన్న సిమిలాన్ దీవుల్ని మే నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మూసేసినా ఇక్కడ ట్రిప్పులు నడుస్తాయి. నడుస్తున్నాయి కదా అని ప్రతి రోజూ మంచిదే అనుకోకూడదు. థాయ్ వాతావరణ శాఖ చిన్న పడవలు ఒడ్డునే ఉండాలని చెప్పిన రోజు కట్టిన డబ్బులు వదులుకోండి. ట్రిప్ ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా, వేరే రోజు ఇస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి. ఇవ్వనన్నవాడి దగ్గర బుక్ చేయకండి. అలాంటివాడు వానలో కూడా పడవ తీస్తాడు.

ఐదు నిమిషాల లెక్క

మాకు జరిగింది చెప్తాను. 2023 దసరా అయిన నాలుగైదు రోజులకి పదకొండు మందిమి వెళ్లాం. మా పెద్దమ్మ “గ్రహణం ముందు రోజు నీళ్ల మీద ప్రయాణమేంట్రా” అంది. నవ్వేశాం. ఆవిడ చెప్పిన కారణం తప్పే కావచ్చు, రోజు గురించి మాత్రం ఆవిడే కరెక్టు. గ్రహణం అంటే పౌర్ణమి, పౌర్ణమి అంటే పెద్ద పోటు.

పెద్ద గుంపుతో వద్దని సొంతంగా పడవ మాట్లాడుకుని తెల్లారేసరికే బయల్దేరాం. హాంగ్‌లోకి వెళ్లేటప్పుడు సొరంగం కప్పు మా తలలకి రెండడుగులు పైన ఉంది. లోపల అంత బాగుంటే ఎవరికి బయటికి రావాలనిపిస్తుంది? మా మరదలి రీల్ మూడుసార్లు తీశారు. గైడ్ రెండుసార్లు “గో, గో” అన్నాడు. మా బావమరిది “బావా, ఇంకో ఐదు నిమిషాలే” అని నాతో అని, అతనికి రెండు వందల భాట్ చూపించాడు. అతను నవ్వి ఆగాడు. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి.

ఇప్పుడు లెక్క చూడండి. పోటు లేవడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, కానీ అన్ని గంటలూ ఒకేలా లేవదు. మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయి. నీరు రెండు మీటర్ల నలభై లేచే రోజైతే ఆ రెండు గంటల్లో లేచేది మీటరు ఇరవై. నిమిషానికి ఒక సెంటీమీటరు. ఇరవై నిమిషాలకి ఇరవై సెంటీమీటర్లు, అంటే జానెడు. అది సొరంగం నోటి దగ్గర. లోపల కప్పు ఇంకా కిందికి దిగే చోట ఆ జానెడే మొత్తం దారి.

తిరిగి వచ్చేటప్పుడు గైడ్ మమ్మల్ని వెల్లకిలా పడుకోమని, రబ్బరు కనూ మూత కొంచెం తిప్పాడు. చీకట్లో గాలి సుయ్యిమని పోతుంటే పడవ నడుం దగ్గర మెత్తబడి కిందికి దిగింది. కప్పుకి దగ్గరవుతున్నప్పుడు వాళ్లు వాడే ఉపాయం అదే. నా ముక్కుకి నాలుగు వేళ్ల ఎత్తులో రాయి. దాని నిండా ఆల్చిప్పలు, అంచులు బ్లేడుల్లా. లైఫ్ జాకెట్ ముందుభాగం కప్పుకి రాసుకుంటూ చిరచిరమని చప్పుడు. బయట ఎవరిదో స్పీడ్ బోటు పోయింది, దాని అల లోపలికి వచ్చి మా పడవని ఒక్కసారి పైకెత్తింది. మా బావమరిది నుదురు చీరుకుపోయింది. నాలుగు కుట్లు.

మేం బయటపడ్డాం. చివరి కనూ పడలేదు. అందులో ఉన్నది మా పెద్దమ్మ, ఆవిడ మనవరాలు, ఇంకో గైడ్. పోటు నిండి మళ్లీ తీసేదాకా మూడు గంటలు ఆ బావిలోనే ఉన్నారు. మధ్యలో వాన. ఆవిడకి షుగర్, మాత్రలూ తినే సరుకూ అన్నీ మా పడవలో. ఏమీ కాలేదు, ఆవిడ గట్టి మనిషి. కానీ గోడ అవతల నిలబడి, అరిచినా వినపడని ఆ మూడు గంటలూ మేం పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఆ గైడ్‌ని తిట్టొచ్చు. కానీ అతను ‘గో’ అన్నాడు, రెండుసార్లు అన్నాడు. అతనికి వచ్చే డబ్బులో టిప్పులే పెద్ద భాగం. నోటు చూపించి ఆపింది మేమే. తర్వాతి ట్రిప్పుల్లో కూడా ఇదే చూశాను: చెన్నై వాళ్లైనా, చైనా వాళ్లైనా, మనవాళ్లైనా, లోపలికి వెళ్లాక ఇంకో ఐదు నిమిషాలు. ప్రతిసారీ అదే మాట. ఆ మాట అనకండి.

పడవెక్కే ముందు

గైడ్‌ని ఒక్కటే అడగండి: ఈ రోజు పోటు ఎన్నింటికి? టక్కున చెప్పగలిగితే మంచి గైడ్. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము మీకు పనికిరాదు. ‘నామ్ ఖున్’ అంటే నీళ్లు లేస్తున్నాయని, ‘నామ్ లోంగ్’ అంటే తీస్తున్నాయని. గైడ్లు తమలో తాము ‘నామ్ ఖున్’ అనుకుంటున్నారంటే ఫోను జేబులో పెట్టేయండి.

ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు ఇంట్లోనే చెప్పండి, సొరంగం నడుమ కాదు. లిఫ్ట్ ఆగిపోతే చెమటలు పట్టేవాళ్లు పెద్ద పడవలోనే ఉండి సముద్రం చూసుకోవచ్చు. అందులో పరువు పోయేదేం లేదు.

ఒక కుటుంబాన్ని వేర్వేరు కనూల్లోకి విడదీయాల్సి వస్తే మందులు వాడేవాళ్ల మాత్రలు, కొంచెం బెల్లమో చాక్లెట్టో, మంచినీళ్లు ఎవరి పడవలో వాళ్లవే ఉండాలి. మా పెద్దమ్మ పాఠం.

ఇక మిగిలినవి:

- చేతులు పడవ లోపల. రాయిని తోయడానికి చెయ్యి చాపొద్దు. తోసేది గైడ్, తెలిసిన చోట తోస్తాడు. మీ చెయ్యి పడేది ఆల్చిప్ప మీద.
- ఆల్చిప్ప గీసుకుంటే చిన్న గాయమని వదిలేయకండి. మంచినీళ్లతో బాగా కడిగి, ముక్కలు లోపల లేకుండా చూసి, మందు రాయండి. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఉప్పునీటి గాయాలు త్వరగా ముదురుతాయి. ఎర్రబడి వాపు పాకుతుంటే ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి.
- తల ఎత్తి ‘అయిపోయిందా?’ అని చూడొద్దు. అయిపోతే వెలుగొస్తుంది.
- చీర వద్దు, చున్నీ వద్దు, జీన్స్ వద్దు. తడిస్తే బరువు, పడితే చుట్టుకుంటాయి. గొలుసులు హోటల్ లాకర్లో. నల్లపూసలు తీయనంటే జాకెట్ లోపలికి వేసుకోండి.
- పిల్లల లైఫ్ జాకెట్ బరువుని బట్టి, వయసుని బట్టి కాదు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే అది వాళ్లది కాదు.
- గబ్బిలాల మీద ఫ్లాష్ కొట్టొద్దు. కప్పు కింద నోరు మూసుకోండి, ఎందుకో మీకే తెలుస్తుంది.
- కోతులుంటాయి. పులిహోర డబ్బా, మురుకుల కవరు పెద్ద పడవలోనే. కవరు చప్పుడైతే చాలు, కనూలోకి దూకుతాయి.
- కోతి కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడగాలి, అదే రోజు రేబీస్ టీకా మొదలుపెట్టాలి. హైదరాబాద్ వెళ్లాక చూద్దాం అనొద్దు.
- జెల్లీఫిష్ కుడితే వెనిగర్ పోయాలి. రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. పెద్ద పడవలో వెనిగర్ ఉందో లేదో ఎక్కేటప్పుడే చూడండి.
- మధ్యాహ్నం బీరు వద్దు. ఒక్కటి కూడా వద్దు.
- వానొస్తే కొండగోడ కింద తలదాచుకోవద్దు. నానిన సున్నపురాయి పెచ్చులు రాలతాయి. తడవండి.
- పెద్ద పడవలో గాలివాన వస్తే అందరూ కేబిన్‌లోకి దూరి తలుపు వేసుకోవద్దు. హాలాంగ్ గుర్తుంచుకోండి.
- కప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు విరవొద్దు. పట్టుకుని ఊగొద్దు కూడా. చూశాను కాబట్టే చెప్తున్నా.
- ఇన్సూరెన్స్‌లో నీటి ఆటలు ఉన్నాయో లేదో చదవండి. కనూ అని రాసి లేకపోతే అడిగి రాయించుకోండి.
- థాయ్‌లాండ్‌లో అంబులెన్స్ 1669, టూరిస్ట్ పోలీస్ 1155. ఫోన్‌లో ఒక్కరికే కాదు, అందరికీ.
- గైడ్ ‘గో’ అంటే కెమెరా కిందికి. రీల్ సగంలో ఉన్నా కిందికి. పెళ్లిరోజైనా కిందికి.
- ‘ఇంకో ఐదు నిమిషాలు’ అని మీవాళ్లెవరైనా అంటే ఆపాల్సింది గైడ్ కాదు, మీరు. అతను నవ్వి ఆగుతాడు.
- టిప్ జెట్టీ మీద దిగాకే ఇవ్వండి. హాంగ్ లోపల పర్సు తీయొద్దు. మా రెండు వందలు ఆ రోజు లోపలే ఇచ్చేశాం.