పిల్లల దెబ్బలకు ఒక లాంగ్ నోట్‌బుక్కు

ఏ పీహెచ్‌సీలోనైనా ఓపీ రిజిస్టర్ తెరిచి చూడండి. "బాబు, 4 ఏళ్లు, కాలిన గాయం, డ్రెస్సింగ్." అంతే. మీద పడింది వేడి గంజో, చారో, పొయ్యి నేల మీద ఉందా గట్టు మీద ఉందా, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, ఒక్క ముక్క ఉండదు. వచ్చే నెల అదే వీధి నుంచి ఇంకో పిల్ల అలాగే కాలి వస్తుంది, మనం మళ్లీ డ్రెస్సింగ్ అని రాసి ఊరుకుంటాం. చెరువులో పడి చనిపోయిన పిల్లలైతే ఆ రిజిస్టర్‌లోకే రారు, ఒడ్డు నుంచి నేరుగా ఇంటికే తీసుకెళ్లిపోతారు కాబట్టి.

యాప్ వస్తుంది, ట్యాబ్ ఇస్తారు అని చూస్తూ కూర్చోకండి. ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని గళ్లు గీయండి: తేదీ, టైము, వయసు, ఆడా మగా, ఎక్కడ, ఏం చేస్తుండగా, ఎలా, ఒంట్లో ఎక్కడ దెబ్బ, ఇంట్లో దెబ్బ మీద ఏం పూశారు, ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది, తర్వాత ఏమైంది. డబ్బూ సిబ్బందీ లేని చోట్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ముఖ్యంగా అడిగేవి ఇలాంటివే. అన్నిటికంటే "ఎలా" అన్న గడి పెద్దగా గీయండి. "పడ్డాడు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం ఎగరేస్తూ వెనక్కి నడిచి పడ్డాడు" అంటే, ఏ గోడ కట్టాలో అందులోనే ఉంది.

రాసేది ఎవరు? ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్‌ఎం, ఎవరైనా సరే, కానీ ఒక్కరి చేతిలోనే ఉండాలి. వారానికోసారి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి అడగండి, సగం దెబ్బలు ముందు ఆయన దగ్గరికే వెళ్తాయి. ఆయన వైద్యం మీద మీకు ఎంత కోపం ఉన్నా ఆ రోజుకి పక్కన పెట్టండి. చెప్పిన కథకీ కనిపిస్తున్న దెబ్బకీ పొంతన లేకపోతే వీధిలో చర్చ పెట్టకుండా డాక్టరుకు చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక వైద్యం. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి. కుళాయి రోజుకో గంటే వచ్చే ఊళ్లో బిందె, చెంబు చాలు, ఆపకుండా పోస్తూ ఉండటమే ముఖ్యం. ఐస్, టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు ఏవీ వద్దు, అవి తుడిచి శుభ్రం చేసేటప్పుడు ఆ పిల్ల పడే బాధ మీరు చూడలేరు. వాచే లోపే గాజులు, మొలతాడు తీసేయండి. బొబ్బలు చిదమకుండా ఉతికిన నూలు గుడ్డ కప్పండి, మిగతా ఒళ్లు వెచ్చగా ఉంచండి. పిల్లవాడి అరచేయి వేళ్లతో కలిపి ఒంట్లో దాదాపు ఒక శాతం. అలాంటి అరచేతులు పదికి మించి కాలితే సెలైన్ కావాలి, 108కి ఫోన్ చేయాల్సిందే. ముఖం, చేతులు, మర్మాంగాలైతే ఎంత చిన్నదైనా ఆస్పత్రికే.

నీళ్లలోంచి తీసిన పిల్లను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం మానండి. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఐదుసార్లు ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, రెండు ఊపిర్లు, 108 వచ్చేదాకా ఇదే.

కుక్క కరిస్తే సున్నం, కారం కాదు, సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడగడం. టీకా చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో, రక్తం వచ్చిన కాటుకి గాయం చుట్టూ వెంటనే పనిచేసే రేబిస్ సీరం కూడా. ఇక్కడే మన నోట్‌బుక్కు పని చేస్తుంది: ఆ నాలుగు తేదీలూ ముందే రాసి పెట్టుకోండి, ఎందుకంటే గాయం మానగానే 28వ రోజు సూది ఎవరికీ గుర్తుండదు.

కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. నేల మీద పడుకున్న పిల్ల తెల్లారేసరికి కడుపు నొప్పి అంటూ, రెప్పలు వాలిపోతూ ఉంటే పాము అనుకునే తీసుకెళ్లండి. తాడు బిగించొద్దు, కోయొద్దు, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టండి. పీహెచ్‌సీ వాళ్లకు ఒక మాట: విషం విరుగుడు మందు పిల్లలకైనా పెద్దల డోసే, పాము పిల్లాడని తగ్గించి కాటేయదు కదా.

కిరోసిన్ తాగితే వాంతి చేయించకండి. పురుగుమందైతే ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

మూడు నెలలు నిండాక ఊరి పటం ఒక చార్టు మీద గీసి, దెబ్బ తగిలిన చోటల్లా ఒక బొట్టుబిళ్ల అంటించండి, పేర్లు మాత్రం రాయకండి. ఒకే చోట మూడు బిళ్లలు పడితే పంచాయతీకి అర్జీతో పాటు ఆ చార్టు కూడా పట్టుకెళ్లండి. బిళ్లలన్నీ చెరువు చుట్టూ, అదీ తల్లులు పనిలో ఉండే వేళలో పడితే, బంగ్లాదేశ్ పల్లెల్లో చేసినట్టు చిన్నపిల్లలను ఉదయం 9 నుంచి 1 దాకా ఒకచోట ఉంచి చూసుకునే ఏర్పాటు అడగండి. మనకు అంగన్‌వాడీ ఉండనే ఉంది.

అన్నట్టు నోట్‌బుక్కుకి పెన్సిల్‌ను దారంతో కట్టండి. పెన్ను పెడితే రెండో రోజుకే మాయం.