సెఫ్టన్ సెంట్రల్‌లో ఉంటున్నారా? ఓటు వేయడం, ఎంపీతో పని చేయించుకోవడం ఇలా

ఇంగ్లండ్‌లోని క్రాస్బీలోనో ఫార్మ్‌బీలోనో ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ మెర్సీరైల్ ఎక్కి లివర్‌పూల్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చే మనవాళ్లని ఓటు నమోదు చేసుకున్నారా అని అడిగితే, చాలామంది నోట వచ్చేది ఒకటే మాట: "మనది ఇండియన్ పాస్‌పోర్టు కదండీ, మనకి ఇక్కడ ఓటెక్కడిది?" ఉందండీ బాబూ. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ నివసిస్తున్న ఇండియన్ పౌరులు 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికల్లోనూ కౌన్సిల్ ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే, వర్క్ వీసా అయినా సరే, డిపెండెంట్ అయినా సరే. సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. నాకు ఈ సంగతి ఇక్కడికి వచ్చిన మూడేళ్లకి గానీ తెలియలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు మీది ఏ నియోజకవర్గమో తేల్చుకోండి. సెఫ్టన్ సెంట్రల్ అనే ఊరు ఎక్కడా ఉండదు, అది 2010లో పుట్టిన నియోజకవర్గం పేరు. లివర్‌పూల్‌కి ఉత్తరాన సముద్రం వెంబడి క్రాస్బీ, బ్లండెల్‌శాండ్స్, హైటౌన్, ఫార్మ్‌బీ, లోపలి వైపు మాగల్, లిడియేట్, ఇవన్నీ కలిపి ఒకటి. చిక్కేమిటంటే సెఫ్టన్ కౌన్సిల్ పరిధి దీనికంటే పెద్దది. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద సెఫ్టన్ అని ఉన్నంత మాత్రాన మీరు సెఫ్టన్ సెంట్రల్ అయిపోరు. సీఫోర్త్, లిథర్‌లాండ్ బూటిల్ నియోజకవర్గం కింద, ఎయిన్స్‌డేల్ సౌత్‌పోర్ట్ కింద వస్తాయి. వాటర్‌లూ వైపు ఉండేవాళ్లు ఊహించుకోకుండా పార్లమెంటు వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి చూసుకోవడం మంచిది. 2024 జూలై ఎన్నికకి దేశమంతా హద్దులు మార్చారు, కాబట్టి పాత మ్యాపులు, పక్కింటాయన జ్ఞాపకం, రెండూ నమ్మొద్దు.

ఇక నమోదు. గవ్ డాట్ యూకేలో రిజిస్టర్ టు ఓట్ అని వెతికితే ఫారం వస్తుంది, ఐదు నిమిషాల పని. జాతీయత అడిగిన చోట ఇండియా అని రాయండి, భయపడక్కర్లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు చేతిలో పెట్టుకోండి, అది పేస్లిప్ మీద ఉంటుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకి ఆ నంబరు ఇంకా రాకపోతే, లేదని కారణం రాసి పంపొచ్చు, కౌన్సిల్ వాళ్లు వేరే ఆధారం అడుగుతారు. ఒక ఇంట్లో నలుగురు కలిసి ఉంటే నలుగురూ ఎవరికి వారే చేసుకోవాలి. ఇంటి ఓనరు అనుమతి అక్కర్లేదు. ఓపెన్ రిజిస్టర్‌లో పేరు వద్దు అనే టిక్ మాత్రం పెట్టండి, ఆ జాబితాని ఎవరైనా కొనుక్కోవచ్చు, ఊరికే ప్రకటనల కాగితాలు ఎందుకు. ఇంకో లాభం కూడా ఉంది, ఓటర్ల జాబితాలో పేరుంటే ఫోన్ కాంట్రాక్టుకో లోనుకో క్రెడిట్ చెక్ చేసేటప్పుడు పని తేలికవుతుంది. నిజం చెప్పొద్దూ, మా స్నేహితుల్లో సగంమంది నమోదు చేసుకుంది దీనికోసమే.

గడువులు గుర్తు పెట్టుకోండి, అన్నీ పోలింగుకి ముందు ఎన్ని పనిరోజులు అనే లెక్కే. నమోదుకి 12 పనిరోజుల ముందు అర్ధరాత్రి ఆఖరు. పోస్టల్ ఓటుకి 11 పనిరోజుల ముందు సాయంత్రం 5 గంటలు. మీ బదులు ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటుకి 6 పనిరోజుల ముందు. ఎన్నిక ప్రకటించాక చూద్దాంలే అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే శని ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు కాబట్టి మనం అనుకున్నదానికంటే గడువు ముందే అయిపోతుంది.

పోలింగు దాదాపు ఎప్పుడూ గురువారమే, ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. సెలవేమీ ఇవ్వరు. చర్చి హాలులోనో స్కూల్లోనో పెడతారు, ఏ కేంద్రమో ఇంటికి పోస్టులో వచ్చే పోల్ కార్డు మీద ఉంటుంది. ఆ కార్డు పోయినా ఫరవాలేదు గానీ ఫొటో ఉన్న గుర్తింపు మాత్రం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి ఈ నిబంధన వచ్చింది. మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది, యూకే డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది. కానీ అసలుదే కావాలి. 2024 జూలై 4న నేను ఆఫీసు నుంచి దిగి నేరుగా వెళ్లి ఫోన్లో పాస్‌పోర్టు ఫొటో చూపించాను, అక్కడున్న పెద్దావిడ ఎంతో మర్యాదగా, సారీ లవ్, అసలుది పట్టుకురా అంది. ఇంటికి నడిచి మళ్లీ వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఈవీసా కూడా అంతే, ఫోన్లో చూపిస్తే ఒప్పుకోరు. గుర్తింపు కార్డేదీ లేనివాళ్లకి ఓటర్ అథారిటీ సర్టిఫికెట్ అని ఉచితంగా ఇస్తారు, దానికీ 6 పనిరోజుల ముందే దరఖాస్తు చేయాలి.

బయట రిబ్బను పూలు గుచ్చుకున్నవాళ్లు మీ పోల్ కార్డు నంబరు అడిగితే కంగారు పడకండి, వాళ్లు పార్టీల మనుషులు, చెప్పకపోయినా ఏమీ కాదు. లోపల ఈవీఎం ఉండదు, వేలికి సిరా ఉండదు, కాగితం, దారం కట్టిన పెన్సిల్, అంతే. ఒక్క పేరు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టాలి. సంతకం చేయొద్దు, మీ పేరు రాయొద్దు, ఇద్దరికి పెట్టొద్దు, అలా చేస్తే ఓటు చెల్లకుండా పోతుంది. పది గంటలకి మీరు వరసలో ఉంటే చాలు, తలుపు మూసినా మీ ఓటు వేయనిస్తారు.

మన ఒక్క ఓటుతో ఇక్కడ ఏం మారుతుంది, ఎప్పుడూ ఒకరే గెలుస్తారు కదా అనేవాళ్లకి ఒక్క మాట. సెఫ్టన్ సెంట్రల్ పుట్టకముందు ఇక్కడ ఉన్న పాత క్రాస్బీ నియోజకవర్గం కన్సర్వేటివ్‌లకి కంచుకోట, 1979లో 19,000 పైచిలుకు మెజారిటీ. రెండేళ్లకి 1981 నవంబరు ఉపఎన్నికలో, అప్పుడే పుట్టిన సోషల్ డెమోక్రటిక్ పార్టీ (ఎస్‌డీపీ) తరఫున షిర్లీ విలియమ్స్ నిలబడి 5,000 పైచిలుకు తేడాతో గెలిచింది. 1983లో మళ్లీ ఓడిపోయింది, అది వేరే సంగతి. సెఫ్టన్ సెంట్రల్ పుట్టినప్పటి నుంచి మాత్రం లేబర్ పార్టీ బిల్ ఎస్టర్సనే ఎంపీ.

ఎంపీతో పని చేయించుకోవడానికి మీరు ఆయనకి ఓటు వేసి ఉండక్కర్లేదు, అసలు ఓటే లేకపోయినా ఫరవాలేదు, ఆ నియోజకవర్గంలో నివాసముంటే చాలు. ఈమెయిల్ రాసేటప్పుడు మొదటి వరసలోనే పూర్తి అడ్రసు, పోస్ట్‌కోడ్ పెట్టండి. అది లేకపోతే మీరెవరో అడుగుతూ ఇంకో మెయిల్ వస్తుంది, ఒక వారం పోతుంది. మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది వీసాలు చూసే ప్రభుత్వ శాఖ, అంటే హోమ్ ఆఫీసు, వ్యవహారాలు: దరఖాస్తు నెలల తరబడి కదలడం లేదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది, ఊళ్లో అమ్మకి బాగోలేదు లాంటివి. రిఫరెన్సు నంబరు, దరఖాస్తు పెట్టిన తేదీ, వాళ్లిచ్చిన జవాబు, మీకు కావలసిందేమిటి, ఇవి ఒక పేజీలో రాయండి. కథంతా మొదటి నుంచి చెప్పుకురావద్దు, ఆ మెయిల్ చదివేది ఎంపీ సిబ్బంది, వాళ్లకి రోజూ ఇలాంటివి ఎన్నో వస్తాయి. ఎంపీ ఫైలు ఎక్కడుందో కనుక్కోగలరు, అడగగలరు, కానీ వీసా ఇప్పించలేరు, కోర్టు తీర్పు మార్చలేరు. ముఖాముఖి కలవాలంటే సర్జరీ అని పెడతారు, అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్లడమే. ఆ పేరు చూసి మా ఆవిడ మొదట హడలిపోయింది.

అన్నిటికీ ఎంపీ దగ్గరికి పరుగెత్తొద్దు. చెత్తబుట్ట తీయలేదు, పక్కింటివాళ్లు కట్టే గది మీద అభ్యంతరం, బ్లండెల్‌శాండ్స్ నడకదారి మీద ఇసుక పేరుకుపోయింది, ఇవన్నీ మీ వార్డు కౌన్సిలర్లకి చెప్పాలి. మెర్సీరైల్ గురించైతే లివర్‌పూల్ సిటీ రీజియన్ మేయర్ స్టీవ్ రాథరమ్ ఆఫీసుకి. ఎంపీకి రాసినా ఆయన దాన్ని అటే పంపుతారు, మీకు మాత్రం ఆలస్యమవుతుంది.

ఇల్లు మారినప్పుడల్లా నమోదు మళ్లీ చేయాలి, దానంతటది మారదు. క్రాస్బీ నుంచి ఫార్మ్‌బీకి వెళ్తే ఎంపీ అదే, వార్డూ పోలింగ్ కేంద్రమూ వేరు. ఇంకాస్త ముందుకెళ్లి సౌత్‌పోర్ట్‌లో దిగితే ఎంపీ కూడా మారిపోతారు, అప్పటికే నడుస్తున్న మీ వీసా ఫైలు ఉంటే పాత ఆఫీసుకి చెప్పి, ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాల కాపీలు తీసుకునే వెళ్లండి.