పెంపుడు ఎలుకల్ని జత కట్టించాలంటే ఏవి ఏరుకోవాల

అంగట్లో ముద్దుగా ఉందని తెచ్చి జత కట్టించేది కాదబ్బా ఇది. ఫస్ట్ ఎలుకని చెవి దగ్గర పెట్టుకోండి, ఊపిరి గురగురమంటున్నా, ముక్కు చుట్టూ ఎర్రగా కారి ఎండిపోయి ఉన్నా (రక్తం కాదది, జబ్బుకో టెన్షన్‌కో కంటి వెనక గ్రంథి నుంచి వచ్చేది) పక్కన పెట్టేయండి.

తర్వాత గుణం. రంగు బాగుందని కరిచేదాన్ని వాడొద్దు. నా దగ్గర ఒక బూడిద రంగు ఆడది ఉండె, చెయ్యి పెడితే చాలు పళ్లు దించేది, దాని పిల్లల్లో సగం అట్లే తయారైనాయి.

ఆడదానికి మొదటి ఈత 4 నుంచి 6 నెలల్లో అయితే మేలు, ఏడాది దాటినాక మొదటిసారి వద్దే వద్దు. మగది పెద్ద వయసుదైతేనే మంచిది, జబ్బూ గుణం అప్పటికి బయటపడింటాయి.

అనంతపురం ఎండల్లో, ఏప్రిల్ మే నెలల్లో ఆ పని పెట్టుకోవద్దు, ఎలుకలు వేడికి అస్సలు ఆగలేవు. 21-23 రోజుల్లో ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ కడుపు రావచ్చు, అందుకే మగదాన్ని ముందే వేరే బోనులో వేయాల. పిల్లల్ని కూడా 5 వారాలకే ఆడ మగ విడదీయండి, లేదంటే అన్నాచెల్లెళ్లే జత కడతాయి. ఒక్క ఈతకి పది దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వస్తాయి, తీసుకునేవాళ్లని ముందే అడిగి పెట్టుకోండి.