సైనసైటిస్ రేటింగ్ 10 నుంచి 30కి ఎలా మారిందంటే

అమెరికా ఆర్మీలో ఉన్నప్పుడు ఇరాక్‌లో బర్న్ పిట్ (చెత్త తగలబెట్టే గొయ్యి) పొగ పీల్చా, అప్పట్నుంచి సైనస్ వదల్లేదు. 2022 పాక్ట్ చట్టం పుణ్యమా అని పొగవల్లే జబ్బొచ్చిందని నిరూపించే పని తప్పింది గానీ, మాజీ సైనికుల శాఖ వాళ్లు వైకల్య రేటింగ్ (జబ్బు తీవ్రతని బట్టి ఇచ్చే శాతం, పరిహారం దాన్ని బట్టే) 10 శాతమే ఇచ్చారు. లెక్కంతా ఏడాదికి ఎన్నిసార్లు తిరగబెట్టిందన్నదే: తలనొప్పి, ముఖం నొప్పి, చీముతో 3 నుంచి 6 సార్లయితే 10, ఆరు దాటితే 30. నా ఫైల్లో సైనసైటిస్ అని ఉందంతే, ఎన్నిసార్లో లేదు (డాక్టర్లకి అంత తీరికెక్కడిది!). అందుకే వచ్చిన ప్రతిసారీ ఆ రోజే డాక్టర్‌కి పోర్టల్‌లో మెసేజ్ పెట్టా: పచ్చటి చీమిడి, కుడి కంటి కింద పోటు, వంగితే తల పగిలేంత నొప్పి అని, తేదీతో సహా రికార్డయిపోతుంది కదా. మా ఆవిడ తను కళ్లారా చూసింది రాసి సంతకం పెట్టింది. రెండూ జతచేసి సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారాలతో మళ్లీ చూడమనే దరఖాస్తు) వేస్తే 30 వచ్చింది.