గాలి సీజన్‌కు ముందే: తక్కువ ఖర్చులో వింగ్ ఫాయిల్ సామాను కొనేవాళ్లకు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే శాన్ ఫ్రాన్సిస్కో బేలో మధ్యాహ్నాల తీరే మారిపోతుంది. సముద్రానికి దూరంగా ఉన్న సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగిపోతుంటే, సముద్రం మీది చల్లగాలి బేను సముద్రంతో కలిపే గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. రెండు, మూడు గంటలకు మొదలై సాయంత్రం దాకా 15 నుంచి 25 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు). ఆగస్టు దాకా చాలా రోజులు ఇదే వరస. చేతిలో గాలి నింపిన వింగ్ పట్టుకుని, కింద ఫాయిల్ అనే రెక్కలు బిగించిన బోర్డు మీద నీటికి రెండడుగుల పైన చప్పుడు లేకుండా జారిపోయే ఆటే వింగ్ ఫాయిల్. అలా జారిపోతున్న వాళ్లను ఒడ్డున నిలబడి చూసిన మనవాళ్లు కొందరు సీజన్‌కు ముందు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "చవగ్గా సామాను ఎక్కడ దొరుకుతుంది?"

చవగ్గా ఎక్కడైనా దొరుకుతుంది. దొరికింది మీకు పనికొస్తుందా, మిమ్మల్ని క్షేమంగా ఒడ్డుకు చేరుస్తుందా అన్నదే చూసుకోవాలి. ఈ రెండూ తెలియక మొదటి ఏడాది నేను 350 డాలర్లు పోసి ఒక ఫాయిల్ కొన్నాను. చూడటానికి కొత్తదానిలా మెరుస్తోంది, కార్బన్, పైగా బేరం. రెండు నెలలు నీళ్లలో మోకాళ్లు కొట్టుకున్నా ఒక్కసారి కూడా బోర్డు పైకి లేవలేదు. తప్పు నాదే, నాకు బ్యాలెన్స్ లేదనుకున్నాను. చివరికి పక్కన సామాను సర్దుకుంటున్న ఒక పెద్దాయన దాన్ని చూసి నవ్వి, "ఇది కైట్ వాళ్లదయ్యా, దీని మీద నేనే లేవలేను" అన్నాడు.

ముందు ఒక మాట. చేత్తో పట్టుకునే గాలి సంచినీ వింగ్ అంటారు, నీళ్లలో మునిగి ఉండేదాన్నీ వింగే అంటారు. అందుకని చేతిలో ఉండేదాన్ని వింగ్ అనీ, నీళ్లలో ఉండేదాన్ని రెక్క అనీ రాస్తాను. బోర్డు కింద నిలువుగా దిగేది మాస్ట్, దాని కొసన అడ్డంగా ఉండే కడ్డీ ఫ్యూజలాజ్, దానికి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న రెక్క. ఇవన్నీ కలిపితే ఫాయిల్.

రెక్క బోర్డును ఎత్తే బలం దాని వైశాల్యాన్ని బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలవుతుంది. కైట్ వాళ్లకు పైనున్న గాలిపటం బలంగా లాగి వేగం ఇస్తుంది కాబట్టి చిన్న రెక్క సరిపోతుంది. వింగ్ పట్టుకుని నేర్చుకునే మనకు మొదట్లో ఆ వేగం రాదు. నాది 650 చదరపు సెంటీమీటర్లు. 75, 80 కిలోల మనిషి నేర్చుకోవడానికి కావలసింది 1,700 నుంచి 2,000 దాకా. ఇదొక్కటి తెలిసి ఉంటే నా 350 డాలర్లు, రెండు నెలలు మిగిలేవి.

సెకండ్‌హ్యాండ్‌లో అసలు ఉచ్చు ఇక్కడే ఉంది. ఆట బాగా వచ్చినవాళ్లు ఏటేటా సన్నటి, పొడవాటి, వేగంగా పోయే రెక్కలకు మారుతుంటారు. వాళ్లు వదిలేసినవి మార్కెట్లోకి వస్తాయి. ప్రకటనలో "హై ఆస్పెక్ట్" అని కనిపిస్తే మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. పొడుగును వర్గం చేసి వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ఆ ఆస్పెక్ట్ అంకె. 5, 6 దగ్గర ఉన్నవి నెమ్మదిగా లేస్తాయి, పొరపాటు చేసినా ఓర్చుకుంటాయి. 8 దాటినవి ఓర్చుకోవు. విండ్‌సర్ఫింగ్ ఫాయిల్స్ కూడా చవగ్గా దొరుకుతాయి కానీ, వాటిలో చాలా వాటి మాస్ట్ పైకొస బోర్డు లోపలి గుంటలోకి దిగేలా ఉంటుంది. మన బోర్డుల్లో ఉండేది రెండు పట్టాలు, వాటి మధ్య దూరం 90 మిల్లీమీటర్లు, నాలుగు బోల్టులు. అలా బిగించే పలక ఉన్న మాస్టే కొనండి.

ఒక కంపెనీ మాస్ట్‌కు ఇంకో కంపెనీ ఫ్యూజలాజ్ సాధారణంగా ఎక్కదు. ఒక్కోసారి అదే కంపెనీ పాత మోడల్‌కు కొత్త రెక్క కూడా ఎక్కదు. అందుకే ముక్కలు ముక్కలుగా బేరాలు వెతక్కండి. మాస్ట్, ఫ్యూజలాజ్, రెండు రెక్కలు, బోల్టులు అన్నీ ఒక్కరి దగ్గరే కొనండి. వచ్చే ఏడాది ఇదే మాస్ట్‌కు కాస్త చిన్న రెక్క దొరుకుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. అప్పుడు ఒక్క రెక్క మార్చుకుంటే సరిపోతుంది, సెట్ అంతా అమ్ముకోనక్కర్లేదు.

అల్యూమినియమా, కార్బనా అని అడుగుతారు. డబ్బు చూసుకునేవాళ్లకు అల్యూమినియం మాస్టే, అందులో సందేహం లేదు. బరువు కాస్త ఎక్కువ, పొడవైతే కొద్దిగా ఊగుతుంది కూడా. నేర్చుకునేవాళ్లకు 70, 75 సెంటీమీటర్లు చాలు కాబట్టి ఆ ఊగడం పెద్దగా తెలియదు. దానికి అసలు శత్రువు ఉప్పు. అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు బిగించి ఉప్పునీళ్లలో ముంచితే, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడిలా మారి బోల్టును పట్టేస్తుంది. నేను అక్టోబరులో బిగించిన సెట్‌ను అలాగే గరాజ్‌లో వదిలేసి మార్చిలో విప్పబోతే బోల్టు తల అరిగిపోయింది తప్ప కదల్లేదు. ఆ మాస్ట్, ఫ్యూజలాజ్ ఇప్పటికీ ఒకదాన్నొకటి వదల్లేదు.

కాబట్టి పాతది కొనేటప్పుడు డబ్బు ఇచ్చే ముందే "బోల్టులన్నీ నా ముందు ఒకసారి విప్పండి" అని అడగండి. మొహమాటం వద్దు. విప్పడానికి వెనకాడుతున్నారంటే అవి విడవవని వాళ్లకూ తెలుసన్నమాట. విప్పాక మరలు అరిగాయేమో వేలితో తడిమి చూడండి. మాస్ట్‌ను కంటి దగ్గర పెట్టుకుని కొస దాకా చూస్తే వంగిందో లేదో తెలుస్తుంది. మళ్లీ బిగించి రెక్క అంచు పట్టుకుని ఊపండి. కీలు దగ్గర టక్కుమంటే వదిలేయండి. కార్బన్ రెక్కైతే నాణెంతో అంతటా తట్టాలి. ఒకచోట గట్టిగా, ఇంకోచోట బోలుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టు. వెనకంచు మీద చిన్న గాట్లు ఉంటే పర్లేదు. మాస్ట్ మొదట్లో, పలక దగ్గర వెంట్రుకవాసి పగులు ఉన్నా సరే, ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు.

బోర్డు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ కిలోలకు 35 కలిపితే వచ్చే అంకె లీటర్లలో చూడండి. 80 కిలోల మనిషికి 115 లీటర్ల దగ్గర. బరువు అంటే పెళ్లినాటి బరువు కాదు, ఇవాళ్టి బరువు. పాతదైతే పట్టాల చుట్టూ బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే లోపలికి నీళ్లు పోయినట్టే. ఈ పెద్ద బోర్డును ఏడాదిలో అమ్మేస్తారు కాబట్టి గీతలు, రంగు పోయిన మచ్చలు పట్టించుకోకండి, ధర తగ్గించి అడగడానికి పనికొస్తాయి.

వింగ్ విషయంలో బే గాలికి, 75, 80 కిలోల మనిషికి 5 చదరపు మీటర్లది ఒకటి చాలు. గాలి 20 నాట్స్ దాటిన రోజు దానితో దిగకండి, అంతే. పాత వింగ్‌కు దాని మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టి, అమ్మేవాళ్లతో ఒక గంట కబుర్లు చెప్పండి. గంటకు మెత్తబడితే లోపలి గొట్టం కారుతోంది. గుడ్డ కొత్త కాగితంలా గరగరమనాలి. పాత లుంగీలా జారిపోతుంటే ఎండకు చచ్చిపోయిందన్నమాట. అతుకులు నీటుగా వేసి ఉంటే ఫర్వాలేదు.

ఇప్పటిదాకా పొదుపు. ఇకపై చెప్పేవాటిలో పొదుపు వద్దు. బోర్డును, వింగ్‌ను మీ ఒంటికి కట్టి ఉంచే తాళ్లు, అంటే బోర్డు లీష్, వింగ్ లీష్ కొత్తవే కొనండి. ఎండకు, ఉప్పుకు లోపల పాడైన లీష్ పైకి బాగానే కనిపిస్తుంది, తెగాకే తెలుస్తుంది. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ తప్పనిసరి. మొదటి నెలల్లో తగిలే దెబ్బలు చాలావరకు మన సొంత రెక్కవే. పడిపోతున్నామని తెలియగానే బోర్డు నుంచి దూరంగా, నీటి మీద వాలిపోయేలా పడాలి. రెక్క ఉన్న వైపు దూకకూడదు, నీళ్లలో కాళ్లు ఆడించకూడదు.

ఇంపాక్ట్ వెస్ట్ దెబ్బ కాస్తుంది గానీ అన్నీ లైఫ్ జాకెట్‌లా తేల్చవు. మీకు ఈత అంతంత మాత్రమైతే తేల్చేదే వేసుకోండి. మోటబావిలో, కాలవలో ఈత నేర్చుకున్న ధీమా మనలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. కానీ మన బావి నీళ్లు వేరు. గోల్డెన్ గేట్ దగ్గర వేసవిలో కూడా నీళ్లు 13, 15 డిగ్రీల దగ్గరే. అందులో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, అరగంట గడిస్తే వేళ్లు ముడుచుకోవు. 4/3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటి దగ్గర 4, చేతులు, కాళ్ల దగ్గర 3 మిల్లీమీటర్ల మందం ఉండే రబ్బరు సూట్) లేకుండా దిగే పనే లేదు.

ఎక్కడ దిగాలన్నది కూడా సామాను ఎంపికలో భాగమే. గోల్డెన్ గేట్ వంతెన దగ్గరి క్రిస్సీ ఫీల్డ్ ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ కొత్తవాళ్ల చోటు కాదు. ఆటు సమయంలో అక్కడి ప్రవాహం వంతెన కిందుగా సముద్రంలోకి లాగుతుంది, బలంగా ఉన్న రోజు 4 నాట్స్ దాటుతుంది. గాలి ఆగిపోయిందంటే చేతులతో ఎంత తోసుకున్నా గెలవలేరు, ఓడలూ అదే దారిన పోతుంటాయి. బే తూర్పు ఒడ్డున ఉన్న అలమీడాలోని క్రౌన్ బీచ్ నయం. ఇసుక, లోతు తక్కువ, గాలి ఒడ్డు వైపు తోస్తుంది. ఆటుకు నీళ్లు బాగా తగ్గినప్పుడు మాత్రం చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది. 75 సెంటీమీటర్ల మాస్ట్ నేలకు తగిలిందంటే బోర్డు ఆగిపోతుంది, మీరు ఆగరు. ఆటుపోట్ల (టైడ్) పట్టిక చూసి నీళ్లు నిండుతున్న సమయంలో వెళ్లండి, ఛాతీ లోతు దాకా నడిచి వెళ్లి ఎక్కండి. గాలి ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీస్తుంటే ఎక్కడైనా సరే ఆ రోజు ఇంటికే.

మొదటి రోజు ఫాయిల్ లేకుండానే బోర్డు మీద బోర్లా పడుకుని, వింగ్‌ను లీష్‌తో వెనక లాక్కుంటూ చేతులతో ఒడ్డుకు వచ్చి చూడండి. వంద గజాలకే చేతులు పడిపోతే, మీరు ఎంత దూరం వెళ్లొచ్చో ఆ వంద గజాలే చెబుతాయి. బోర్డు మీద పేరు, ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాసి పెట్టండి. మనిషి లేని బోర్డు కొట్టుకొస్తే కోస్ట్ గార్డ్ వెతుకులాట మొదలెడుతుంది. మీరు ఇంట్లో కాఫీ తాగుతున్నారని ఒక్క ఫోన్‌తో తెలిసిపోవాలి.

ఇక తిరిగొచ్చాక, కారు దగ్గరే బోల్టులు విప్పేయండి. మంచినీళ్లతో కడిగి, మరలకు టెఫ్-జెల్ లాంటి గ్రీజు రాసి పెట్టండి. ఐదు నిమిషాల పని. బోల్టులు విప్పే స్టార్ ఆకారపు రెంచి ఇంట్లో మర్చిపోతే పనంతా ఆగిపోతుంది, అందుకే నేను రెండోది కొని కారు డాష్‌బోర్డు అరలో పడేశాను. మా ఆవిడ దాన్ని రెండుసార్లు పారేయబోయింది.